రాబర్టు ఓవెను: పనివాని కొలత, యజమాని కొలత

పదిమందిని కూర్చి యొక పని చేయింపవలసిన ప్రతివాడును రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనక తప్పదు. పొలమున కోతముఠాను దింపిన రైతునకైనను, బియ్యపు మిల్లు నడుపు వర్తకునకైనను, గుమాస్తాలపై నధికారియై కూర్చున్నవానికైనను ఆ ప్రశ్నలు ఒక్కటియే. ఈ జట్టు బాగుగా పని చేయుచున్నదా? చేయకున్నచో లోప మెవ్వరిది? మొదటి ప్రశ్నను మనము నిత్యము వేయుదుము. రెండవదానిని వేయము. దాని జవాబు మనకు ముందే తెలియునని మన నమ్మకము. లోపము పనివానిది; వాడు సోమరి, వాడు త్రాగుబోతు, యజమాని కన్ను మఱలినంతనే చేయి ముడుచువాడు. ఈ జవాబు నంగీకరింపక, రెండువేల మంది జీవించు ఒక మిల్లుగ్రామమును పరీక్షాస్థలముగా జేసికొని, పాతికేండ్లు వేఱొక జవాబును వెదకినవాడు రాబర్టు ఓవెను. అతడు గెలిచినచోట ఎందుకు గెలిచెనో, ఓడినచోట ఎందుకు ఓడెనో తెలిసికొనుట పనివారిపై అధికారము గల ప్రతివానికిని అవసరము.

ఓవెను 1771వ సంవత్సరము మే నెల 14వ తేదీన వేల్సు దేశమందలి న్యూటౌను అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టుచు, ఇనుపసామాను అమ్ముచు సంసారము నడిపినవాడు. ఏడుగురు బిడ్డలలో ఓవెను ఆఱవవాడు. పదియేండ్ల ప్రాయముననే యిల్లు విడిచి లండనులోని యన్నకడకును, అచ్చటనుండి స్టాంఫర్డు పట్టణమున మెగఫాగు అను జౌళివర్తకుని దుకాణమునకును చేరెను. సన్నని వస్త్రమును చేతితో తాకి దాని గుణమును చెప్పగల నేర్పు ఆ దుకాణముననే అతనికి అలవడెను. తరువాత లండనులో మఱియొక దుకాణమున, బేరము ముమ్మరముగా సాగు దినములలో ప్రొద్దుటినుండి నడిరేయి దాటువఱకు నిలువుకాళ్లపై కొలువు చేసెను. నిద్రకు అయిదు గంటలు మిగులుటయే గగనమయ్యెను. పెద్దవాడైన పిమ్మట పనిగంటలను గుఱించి పార్లమెంటువారియెదుట మాటాడిన యీ మనుష్యునకు ఆ గంటలు పుస్తకమున జదివినవి కావు. తన కాళ్లతో కొలిచినవి.

అప్పటికి మాంచెస్టరు నగరము నూలుమిల్లులకు ఆటపట్టగుచుండెను. ఓవెను అన్నయొద్ద నూఱు పౌనులు అప్పు తెచ్చి, ఒక భాగస్వామితో గలిసి నూలు వడకు యంత్రములను చేయించు వ్యాపారమున దిగెను. అది యెక్కువ కాలము సాగలేదు. ఇరువదియేండ్ల వయస్సున డ్రింక్‌వాటరు అను మిల్లు యజమాని తనకు మేనేజరు కావలెనని ప్రకటింపగా ఓవెను పోయి యేడాదికి మూడువందల పౌనుల జీతమడిగి, ఆ యుద్యోగమును సంపాదించెను. మిల్లులో అయిదువందలమంది పనివారు. వారి పనినిగాని, ఆ యంత్రములనుగాని అతడు మునుపు నడిపినవాడు కాడు. అట్టి స్థితిలో మనవంటివార మేమి చేయుదుము? మొదటి దినముననే నాలుగు ఆజ్ఞలు జారీచేసి అధికారమును స్థాపింపజూతుము. ఓవెను ఆఱు వారములు ఒక్క ఆజ్ఞయైనను ఇయ్యలేదు. ప్రొద్దున పనివారితో లోనికి పోయి, రాత్రి వారి వెనుక తలుపు వేసికొని వచ్చుచు, అడిగినదానికి అవునని గాని కాదని గాని చెప్పుచు, ప్రతి యంత్రమును ప్రతి మనిషిని కన్నులార జూచెను. ఆ తరువాతనే నోరు తెఱచెను. కొలది కాలములో ఆ మిల్లునూలు సన్నదనము పూర్వపు నెంబరునకు రెట్టింపును మించెను. ముందు చూచుట, పిదప తీర్పు చెప్పుట అను పాఠము అతనికి అక్కడనే లభించెను.

స్కాట్లండులో క్లైడు నది జలపాతముల క్రింద న్యూ లనార్కు అను మిల్లుగ్రామ మున్నది. డేవిడు డేలు అను ధర్మాత్ముడు 1786 ప్రాంతమున దానిని నెలకొల్పెను. ఓవెను తన భాగస్థులతో గూడి 1799లో దానిని అఱువదివేల పౌనులకు కొని, ఆ యేడే డేలుగారి కుమార్తె కరోలైనును వివాహమాడి, 1800 జనవరిలో మిల్లు యాజమాన్యమును వహించెను. గ్రామమున చిన్న పెద్ద కలిసి రెండువేలమందికి దగ్గరగా నుండిరి. అందు సుమారు అయిదువందలమంది ఎడింబరో, గ్లాస్గో నగరముల అనాథశాలలనుండి తెచ్చిన బిడ్డలు. మిల్లుపని యనిన మర్యాదస్థులు దగ్గరకు రాని కాలమది, దిక్కులేనివారే వచ్చిరి. త్రాగుడు, దొంగతనము, కలహము అచ్చట నిత్యకృత్యములు. క్రొత్త యజమాని పరదేశి. వాని మాట తీరు వేఱు, వాని మతమేమో తెలియదు. తమ రక్తమును మఱింత పిండుటకే వచ్చెనని జనులు తలచి, అతడు చేయబూనిన ప్రతి మార్పునకును అడ్డు నిలిచిరి.

ఓవెను వారిని కొట్టలేదు, కచేరీల కీడ్వలేదు. సరకు ఒక చేతినుండి మఱియొక చేతికి పోవునపుడెల్ల లెక్క వ్రాయించి, పోయినచో ఏ చేతిలో పోయినదో ఆ క్షణముననే తెలియునట్లు ఏర్పాటు చేసెను. దొంగను శిక్షించుటకు మాఱు దొంగతనమునకు సందు లేకుండ జేసెను. గ్రామమున దుకాణదారులు నాసిరకపు సరకును అప్పుమీద హెచ్చు వెలకు అమ్ముచుండగా, తానే మేలైన సరకును టోకున తెప్పించి కొన్న ధరకు దగ్గరగా అమ్మించెను. పనివారి ఖర్చులో నాల్గవవంతు మిగిలెనని అతని లెక్క. ఆ దుకాణపు లాభమును బడికి వినియోగించెను. ఇండ్లను విశాలపఱచి, వీథులను ఊడ్పించి, ఇండ్ల శుభ్రతను చూచుటకు ఒక సంఘమును నియమించెను. స్త్రీలలో పెక్కండ్రు ఆ సంఘమువారికి నల్లుల వేటగాండ్రని పేరుపెట్టి, మొగముమీదనే తలుపులు వేసిరి. ఓవెను తలుపులు పగులగొట్టింపక తెఱచినవారిని మాత్రము గౌరవించి ఊరకుండెను. తక్కిన తలుపులు కాలక్రమమున తెఱవబడెను.

అయినను ఆ జనుల మనస్సు తెఱచినది ఈ సంస్కారములు కావు, ఒక కఱవు. ఆ శతాబ్దపు మొదటి దశాబ్దములో అమెరికాప్రభుత్వము తన నౌకలను పరదేశములకు పోనీయక నిషేధించెను. ప్రత్తి వెల మిన్నుముట్టెను. ఇతర యజమానులు మిల్లులు మూసి పనివారిని వీథిలో విడిచిరి. ఓవెనుకూడ యంత్రములను నిలిపెను గాని ఒక్కనినైనను తీసివేయలేదు. యంత్రములను తుడిచి నూనె పెట్టి ఉంచుటయే పనిగా నాలుగు మాసములు నిండు కూలి నిచ్చెను. ఆ కూలి యేడువేల పౌనులకు మించెను. అంతవఱకు అనుమానముతో జూచిన కన్నులు ఆ నాలుగు మాసములలో మాఱెను. ఈ సంగతి మొదట గ్రహింపనిదే ఓవెను చేసిన ప్రసిద్ధమైన ప్రయోగము మనకు అర్థము కాదు.

ఆ ప్రయోగ మెట్టిదనిన, రెండంగుళముల పొడవు, అంగుళము వెడల్పు గల నాలుగు పలకల కొయ్యముక్కను ఒక్కొక్క పనివాని సమీపమున వ్రేలాడదీయించెను. ఒక పలక నలుపు, ఒకటి నీలము, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. నిన్నటి పని చెడ్డదైన నలుపు, మధ్యమమైన నీలము, మంచిదైన పసుపు, ఉత్తమమైన తెలుపు ముందునకు త్రిప్పబడును. తెలుపునకు 1, పసుపునకు 2, నీలమునకు 3, నలుపునకు 4 అని అంకెలు. ఆ అంకెను ప్రతిదినమును నడవడి పుస్తకమున వ్రాయుదురు. ఓవెను రోజును మిల్లు గదులన్నిట తిరుగుచు, నలుపు కనబడినచోట ఆ మనిషిని, ఆ రంగును మార్చి మార్చి చూచి, ఒక్క నిందావాక్యమైనను పలుకక సాగిపోవుచుండెను. దానికి మూగ పర్యవేక్షకుడని పేరు. మొదట ఎటుచూచినను నలుపే. ఏండ్లు గడిచినకొలది నలుపు నీలమయ్యెను, నీలము పసుపయ్యెను, తుదకు తెలుపును పెక్కుచోట్ల గానవచ్చెను.

ఇంతవఱకు విన్న యజమాని, కొయ్యముక్కలకు రంగు వేయించిన జాలునని తలపవచ్చును. ఓవెను ఏర్పాటులో మఱి రెండు నియమములున్నవి. మొదటిది, పైవారికిని కొలత కలదు. పనివారి ముక్కను ఆ శాఖ పర్యవేక్షకుడు త్రిప్పును; పర్యవేక్షకుని ముక్కను మిల్లు పెద్ద త్రిప్పును. రెండవది, మొఱ పెట్టుకొను హక్కు. తనకు అన్యాయముగా రంగు పడినదని తలచినవాడు అంకె పుస్తకమున చేరకమునుపే ఓవెనుకడకు వచ్చి చెప్పుకొనవచ్చును. వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్న నేమి యని మన పెద్దలు ఊరక యనలేదు. మార్కులు వేయువాని పక్షపాతమును విచారింపని పరీక్ష, పనిని గాక వానికిగల ప్రాపకమును కొలుచును. వాస్తవముగా మొఱ పెట్టినవారు బహు స్వల్పమని ఓవెను వ్రాసికొనెను. తలుపు తెఱచియున్నదని తెలిసినచోట త్రోసికొని వచ్చువారు తక్కువ.

అంతకంటెను ముఖ్యమైనది, పనివానిని కొలువకమునుపు యజమాని తన బాధ్యత కొంత తీర్చుకొనియుండుట. అతడు పదియేండ్లలోపు బిడ్డలను మిల్లులోనికి రానీయలేదు. 1816 నాటికి భోజనవిరామములు పోగా పని 10¾ గంటలకు తగ్గించెను. ఇతరుల మిల్లులలో బిడ్డలుసైతము పదుమూడు, పదునాలుగు గంటలు నిలువబడుచుండిరి. పనివారు కూలిలో అఱువదవవంతు నిచ్చి రోగులకు, వృద్ధులకు ఉపయోగించు నిధి నేర్పఱచిరి. 1816 జనవరి 1వ తేదీన శీలనిర్మాణ విద్యాలయము తెఱవబడెను. నడక నేర్చిన బిడ్డలు మొదలు అచ్చట చేరి, దెబ్బలు లేక ఆటపాటలతో చదివిరి. పెద్దలు సాయంకాలమున చదివిరి. మిల్లుల యజమానులకు తాను వ్రాసిన విజ్ఞప్తిలో ఓవెను ఒక సామాన్యమైన తర్కమును చూపెను. జీవములేని యంత్రమును తుడిచి, నూనె పెట్టి, చక్కగా నుంచిన లాభము వచ్చునని మీ రెఱుగుదురు. జీవముగల యంత్రమును అంతకంటె శ్రద్ధతో చూచిన ఎంత లాభము వచ్చునో యేల విచారింపరు? ఈ తర్కమున దయకంటె లెక్కయే యెక్కువ. లెక్క తప్పును కాలేదు.

భాగస్థులకు మాత్రము ఆ లెక్క రుచింపలేదు. బడి కేల, తోట కేల యని వారు కలహించి, తుదకు ఓవెనును తొలగించి మిల్లును వేలమునకు పెట్టిరి. ఓవెను చేతిలో ఆ మిల్లు చెడిపోయినదని ప్రచారము చేసి చవుకగా కొనవలెనని వారి యూహ. ఓవెను ఈలోపల బెంథాము అను తత్త్వవేత్తను, అల్లెను అను క్వేకరును, మఱికొందఱిని క్రొత్త భాగస్థులుగా గూర్చుకొనెను. పెట్టుబడికి నూటి కైదు వడ్డీతో తృప్తిపడి, మిగులుబడిని పనివారి మేలునకు విడుచుట వారి ఒడంబడిక. 1813 డిసెంబరు 31వ తేదీన గ్లాస్గోలో జరిగిన వేలములో మిల్లు 1,14,100 పౌనులకు ఓవెను పక్షమువారికి దక్కెను. చెడిపోయినదని చాటినవారే లక్షకు పైగా పాడిరి! ఆ వార్త న్యూ లనార్కు చేరినపుడు గ్రామస్థులు కిటికీలలో దీపములు వెలిగించిరి. ఓవెను తిరిగివచ్చునపుడు బండి గుఱ్ఱములను విప్పి తామే లాగుకొని పోయిరి. పదునాలుగేండ్ల క్రిందట మొగముమీద తలుపులు వేసిన గ్రామ మదియే.

లోకము చూడవచ్చెను. 1815 మొదలు పదియేండ్లలో సుమారు ఇరువదివేలమంది ఆ గ్రామమును దర్శించిరి. వారిలో తరువాత రష్యా చక్రవర్తియైన నికోలసు ఒకడు. బిడ్డల పనిగంటలను గుఱించి 1816లో పార్లమెంటు విచారణసంఘము ఎదుట ఓవెను సాక్ష్యమిచ్చెను. తోడి మిల్లుదారులు నానావిధముల ఎదిరింపగా, 1819లో ఒక చట్టము బయటపడెను. ప్రత్తి మిల్లులలో తొమ్మిదేండ్లలోపు బిడ్డలు పని చేయరాదు. పదునాఱేండ్లలోపువారు పండ్రెండు గంటలకు మించి చేయరాదు. కాని చట్టము నడచుచున్నదో లేదో చూచుటకు ఒక్క తనిఖీదారునైనను అది నియమింపలేదు. పనివాని దినదినమును కొలిచిన దేశము మిల్లుదారుని కొలువ నొల్లదయ్యెను. తనిఖీదారులు 1833 చట్టముతోగాని రాలేదు.

ఇచ్చట ఓవెను కీర్తితోపాటు అతని కొఱతను గూడ చెప్పుట న్యాయము. న్యూ లనార్కున కొయ్యముక్క మేస్త్రీవఱకు పోయెను, యజమానివఱకు పోలేదు. నలుపా తెలుపా యని పనివానికి చెప్పినవారున్నారు గాని, ఓవెనునకు చెప్పు అధికారము ఏ పనివానికిని లేదు. మొఱ విన్నవాడు ఓవెనే, తీర్పరియు ఓవెనే. మిల్లు వడకిన ప్రత్తిలో అమెరికాలోని బానిసల చేతులు కోసిన ప్రత్తి యుండెను. ఆ బానిసల పక్కన ఏ రంగు వ్రేలాడదీసినను ఎవరు చూడగలరు? వార్ధక్యమున ఓవెను తానే ఒప్పుకొనెను, తాను చేసిన మేలంతయు జరిగిన పిమ్మటకూడ ఆ జనులు తన దయకు లోబడిన బానిసలుగానే యుండిరని. మఱియొక లెక్కయు వేసెను. రెండువేల అయిదువందలమంది యంత్రములతో చేయుచున్న పనికి అర్ధశతాబ్దము క్రిందట ఆఱులక్షలమంది కావలసియుందురు. మఱి ఆ మిగులు ఎవ్వరి పాలయ్యెను? జట్టు పని పెంపొందినపుడు ఆ పెంపును పంచుకొనువా రెవ్వరు అను ఈ ప్రశ్నను అంత నిష్కపటముగా తనపై వేసికొన్న యజమానులు అరుదు.

ఓటమి ఎట్లు వచ్చెనో చూతము. పాతమార్గమున సంస్కారము చాలదని, సర్వసమానమైన క్రొత్త సంఘమునే సృష్టింపవలెనని ఓవెను అమెరికాకు పోయి, ఇండియానా రాష్ట్రమున న్యూ హార్మొనీ అను గ్రామమును 1825లో కొనెను. రండని పిలువగా ఎనిమిదివందలకు పైగా జనులు చేరిరి. ఎవ్వరికి ఏ పని వచ్చునో విచారింపలేదు. పండితులు, ఆదర్శవాదులు వచ్చిరి, సోమరులును వచ్చిరి, నాగలిపట్టువారు, కొలిమి నడుపువారు తక్కువైరి. మంది యెక్కువైన మజ్జిగ పలుచన యనుట సార్థకమయ్యెను. మాంచెస్టరులో నోరుమూసికొని ఆఱు వారములు చూచిన ఓవెను, ఇచ్చట ఉపన్యాసములు చేసి, కుమారునకు భారమప్పగించి, ఆఱు మాసములకు పైగా స్వదేశమునకు పోయెను. తిరిగివచ్చి రాజ్యాంగము వెంట రాజ్యాంగము వ్రాయించెను. 1827 నాటికి సంఘము విచ్ఛిన్నమయ్యెను. ఓవెను ఐశ్వర్యములో అధికభాగము దానితో పోయెను. తన పాఠమును తానే మఱచినందుకు కాలము ఓవెను ఎదుట త్రిప్పిన నల్లపలక అది.

అయినను అతడు క్రుంగలేదు. 1832లో లండనున శ్రమగంటలను ధనముగా నెంచు విపణిని తెఱచెను. 1834లో కార్మికుల మహాసంఘమునకు నాయకత్వము వహించెను. రెండును నిలువలేదు. కాని విత్తనము వేఱొకచోట మొలచెను. 1844లో రాచ్‌డేలు పట్టణమున ఇరువదియెనమండ్రు, అందు కొందఱు ఓవెను శిష్యులు, చిన్న సహకార దుకాణమును తెఱచిరి. న్యూ లనార్కు దుకాణమున యజమాని దయగా లభించినది ఇచ్చట సభ్యుల హక్కయ్యెను. ప్రతి సభ్యునకును ఒక్క వోటు, ప్రతి లెక్కకును బహిరంగ తనిఖీ. ఆ మార్గమే చెన్నపట్టణమున 1904లో వెలసిన తిరువల్లిక్కేణి సహకార భాండారమునకు ఒరవడి. యజమాని వఱకు పోని కొయ్యముక్క సహకారసంఘములో అధ్యక్షుని వఱకు పోయెను. ఓవెను తాను ముగింపలేని పనిని అనామకులైన కూలివారు ముగించిరి.

1858వ సంవత్సరము నవంబరు 17వ తేదీన, ఎనుబదియేడేండ్ల వయస్సున, ఓవెను తాను పుట్టిన న్యూటౌనునకే వచ్చి కన్నుమూసెను. న్యూ లనార్కు మిల్లులు 1968 వఱకు నడచెను. 2001లో ఆ గ్రామము ప్రపంచ వారసత్వస్థలముగా గణింపబడినది. చూడవచ్చువారికి ఆ చిన్న కొయ్యముక్కను చూపుదురు.

నేడు కార్యాలయములలో ఏటేట ఉద్యోగుల పనికి అంకెలు వేయుట సాధారణమైనది. రంగులు మాఱెను, కొయ్య కాగితమయ్యెను, కాగితము కంప్యూటరు తెరయయ్యెను. అంకెలు వేయుట ఎవ్వరికైనను సులభము. అంకె వేయకమునుపు ఆఱు వారములు నోరు మూసికొని చూచితిమా? కఱవులో కూలి యిచ్చితిమా? అంకె తప్పని మొఱపెట్టువానికి తలుపు తెఱచితిమా? మన అంకెను మన పనివారిచేత వేయించుకొన సిద్ధముగా నున్నామా? మొదటి మూటికిని ఓవెను అవునని చెప్పగలిగెను. అందుచేతనే న్యూ లనార్కు తెల్లబడెను. నాల్గవదానికి అతడును జవాబు చెప్పలేకపోయెను. ఆ జవాబు చెప్పవలసిన వంతు ఇక మనది.